ఆటిజాన్ని స్కాన్‌లో వెతకొద్దు

రెండున్నరేళ్లు దాటినా బిడ్డకు మాట రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. బొమ్మ కారు చేతికిస్తే నడపడు, తిరగేసి ఒక చక్రాన్నే తిప్పుకుంటూ కూర్చుంటాడు. ఇంట్లో పెద్దవాళ్లు ‘వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే మాటలొచ్చాయి, కంగారెందుకు’ అని సర్దిచెబుతారు. తల్లి మనసు ఒప్పుకోదు. చివరికి పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన నోట ఆటిజం అనే మాట వస్తుంది. ఆ వెంటనే తల్లిదండ్రులు అడిగే ప్రశ్న చాలా ఇళ్లలో ఒకటే: ‘స్కాన్ తీయిస్తే తేలిపోతుంది కదా డాక్టరు గారూ?’

తేలదు. ఈ మాటను సూటిగా, ఓపిగ్గా విడమరిచి చెప్పేవాళ్లు తక్కువైనందువల్లే వేల రూపాయలు, అంతకన్నా విలువైన నెలలు వృథా అవుతున్నాయి.

తల్లిదండ్రులు అలా అడగడంలో తప్పేమీ లేదు. ఎముక విరిగితే ఎక్స్‌రే చూపిస్తుంది. మెదడులో రక్తం గడ్డకడితే సీటీ స్కాన్ చెబుతుంది. ఆటిజం మెదడు ఎదుగుదలకు సంబంధించిందని అందరూ అంటున్నప్పుడు, మెదడునే ఫొటో తీస్తే కనబడాలి కదా అనుకోవడం సహజం. పైగా ‘ఆటిజం ఉన్నవారి మెదడులో తేడాలు గుర్తించారు’ అనే వార్త, పక్కనే ఎరుపు, ఆకుపచ్చ, నీలం పోగులతో మెరిసే మెదడు బొమ్మ ఏటా ఏదో ఒక పత్రికలో కనబడుతూనే ఉంటాయి. ఆ వార్తలు అబద్ధాలు కావు. వాటి వెనక ఇరవై ఏళ్లకు పైబడిన నిజమైన శ్రమ ఉంది. కాకపోతే ఆ శ్రమ దేనికి జవాబు చెప్పింది, దేనికి చెప్పలేదు అన్నది తల్లిదండ్రుల దాకా చేరడం లేదు.

ఆ రంగురంగుల బొమ్మ మెదడులోని తెల్ల పదార్థానిది. డాక్టర్లు వైట్ మ్యాటర్ అంటారు. మెదడు పైపొర బూడిద రంగులో ఉంటుంది, నాడీకణాలు ఎక్కువగా ఉండేది అక్కడే. ఆ కణాల నుంచి బయల్దేరి ఒక భాగాన్ని ఇంకో భాగంతో కలిపే సన్నని పోగులన్నీ లోపల కట్టలు కట్టలుగా సాగుతాయి. వాటిలో చాలావాటిని మైలిన్ అనే కొవ్వు పొర చుట్టి ఉంటుంది. ఆ తెలుపు దానిదే. కుడి, ఎడమ భాగాలను కలిపే కార్పస్ కలోజమ్ అనే కట్టలోనే సుమారు 20 కోట్ల పోగులుంటాయని అంచనా.

బతికున్న మనిషి మెదడులో ఈ కట్టల దారిని చూసే పద్ధతిని 1994లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పీటర్ బాసర్, జేమ్స్ మాటియెల్లో, డెనిస్ లె బిహాన్ ప్రకటించారు. డిఫ్యూజన్ టెన్సర్ ఇమేజింగ్ అంటారు దాన్ని. మామూలు ఎమ్మారై యంత్రంతోనే తీస్తారు, కానీ చూసేది నీటి కదలికను. చెరువులోని నీటిచుక్క ఎటైనా పోగలదు, పొలం బోదెలోని చుక్క బోదె వెంటే పోతుంది. మెదడులోనూ పోగులున్న చోట నీరు వాటి వెంబడే ఎక్కువగా కదులుతుంది. ఆ కదలిక ఎంత మేరకు ఒకే దిక్కున ఉందో 0 నుంచి 1 మధ్య ఒక అంకెగా రాస్తారు. ఎఫ్ఏ అని దాని పేరు. పత్రికల్లో వచ్చే రంగుల బొమ్మ నిజానికి ఫొటో కాదు, ఇలాంటి లక్షల అంకెల మీద కంప్యూటర్ గీసిన చిత్రం.

ఈ పద్ధతితో ఆటిజాన్ని తొలిసారి పరిశీలించినవారు స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు. 2004లో వచ్చిన ఆ పరిశోధనలో ఆటిజం ఉన్న అబ్బాయిలు ఏడుగురు, లేనివారు తొమ్మిది మంది. ఎదుటివారి ముఖాన్ని, మనసును పోల్చుకోవడంలో పాత్ర ఉందనుకునే భాగాల దగ్గర ఎఫ్ఏ తక్కువగా కనిపించింది. అదే ఏడాది కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో మార్సెల్ జస్ట్ బృందం, వాక్యాలు చదివి అర్థం చేసుకునేటప్పుడు ఆటిజం ఉన్నవారి మెదడులో దూర దూర భాగాలు ఒకదానితో ఒకటి కలిసి పనిచేయడం తగ్గుతోందని చూపింది. రెండూ ఒకే దిక్కును చూపించాయి: ఆటిజం మెదడులో ఒక చోట తగిలిన దెబ్బ కాదు, భాగాల మధ్య అనుసంధానంలో ఉన్న తేడా. ఆ తర్వాత పదేళ్లలో పరిశోధనలు వెల్లువెత్తాయి.

వాటిలో అందరూ తెలుసుకోవాల్సింది 2012 నాటిది. అన్నకో అక్కకో ఆటిజం ఉన్న పసిపిల్లలకు ఆ అవకాశం మిగతా పిల్లలకన్నా చాలా ఎక్కువ, దాదాపు ఐదుగురిలో ఒకరికి వస్తుంది. అందుకని నార్త్ కరోలినా యూనివర్సిటీ కేంద్రంగా అమెరికాలో కొన్ని సంస్థలు కలిసి అలాంటి 92 మంది పిల్లల్ని ఆరు నెలల వయసు నుంచి గమనించాయి. ఆరో నెలలో, ఏడాదికి, రెండేళ్లకు స్కాన్ తీశారు. మత్తు ఇవ్వలేదు. పిల్లల్ని వాళ్ల నిద్రవేళకు తీసుకొచ్చి, పాలు పట్టి జోకొట్టి, చప్పుడు వినబడకుండా చెవులు కప్పి, నిద్రపోయాక మెల్లగా యంత్రంలో పడుకోబెట్టాలి. మధ్యలో లేస్తే ఆ రోజుకు అంతే. రెండేళ్లు వచ్చేసరికి 28 మందిలో ఆటిజం లక్షణాలు తేలాయి. వెనక్కి వెళ్లి వాళ్ల స్కాన్లు చూస్తే, పరిశీలించిన 15 పోగు కట్టల్లో 12 కట్టలు మిగతా పిల్లలకన్నా వేరే తీరులో ఎదిగినట్టు కనబడింది. ఆరో నెలలో వీళ్ల ఎఫ్ఏ ఎక్కువగానే ఉంది. తర్వాత ఎదుగుదల నెమ్మదించి, రెండేళ్లకు మిగతావారికన్నా వెనకబడింది.

ఈ ఒక్క సంగతి ఇంటింటికీ చేరితే చాలా కన్నీళ్లు ఆగుతాయి. ఎందుకంటే ఆటిజం చరిత్ర పొడుగునా నింద మోసింది తల్లే. 1943లో బాల్టిమోర్‌లో లియో కానర్ పదకొండు మంది పిల్లల గురించి రాసి ఈ స్థితిని వైద్యలోకానికి పరిచయం చేశాడు. ఆ పిల్లల్లో కొందరి తలలు పెద్దవిగా ఉన్నాయని కూడా ఆయన గమనించాడు. కానీ తర్వాతి వైద్యులు పట్టుకున్నది దాన్ని కాదు, తల్లిదండ్రులు ముభావంగా ఉన్నారన్న ఆయన మాటను. 1967లో షికాగోకు చెందిన బ్రూనో బెటల్‌హైమ్ ఏకంగా ఒక పుస్తకం రాసి, తల్లి ప్రేమ చాలకే పిల్లలు ఇలా అవుతారని నమ్మించాడు. స్వయంగా ఆటిజం ఉన్న బిడ్డకు తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే ఇది జీవసంబంధమైనదని వాదించినా ఆ నింద చెరగడానికి దశాబ్దాలు పట్టింది.

మన ఇళ్లలో ఇంకా చెరగలేదు. ‘కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావో’, ‘ఉద్యోగం అంటూ పిల్లాణ్ని పనిమనిషికి వదిలేశావు’, ‘ఫోన్ ఇచ్చి పాడుచేశావు’. ఈ మాటలు పడని తల్లి అరుదు. పసిపిల్లలకు గంటల తరబడి ఫోన్ చూపించడం మంచిది కాదు, మాటలు రావడానికి అది అడ్డమే. అయితే ఆటిజానికి కారణం అది కాదు. బిడ్డ ఇంకా కూర్చోవడం నేర్చుకుంటున్న ఆరో నెలకే మెదడు తనదైన తోవలో ఎదుగుతోందని స్కాన్లు చూపించాయి. ఐదు దేశాల్లో 20 లక్షలకు పైగా పిల్లల వివరాలతో 2019లో వచ్చిన పరిశోధన, ఆటిజం వచ్చే అవకాశంలో సుమారు 80 శాతం వంశపారంపర్యమైనదేనని లెక్కగట్టింది. తల్లి పెంపకం మీద వేలెత్తే హక్కు ఎవరికీ లేదు.

తెల్ల పదార్థం మీద జరిగిన పరిశోధన సమాజానికి చేసిన పెద్ద మేలు ఇది. ఇక్కడిదాకా సైన్స్‌కు చేతులెత్తి మొక్కాలి. చిక్కంతా ఇక్కడి నుంచి ఇంకో అడుగు ముందుకేసి, ‘అయితే మా బిడ్డకు తీసి చెప్పండి’ అన్నప్పుడు మొదలవుతుంది.

ఎమ్మారై యంత్రంలో బిడ్డ పడుకునే తీరు ఒకసారి ఊహించుకోండి. ఇరుకైన గొట్టం. తల చుట్టూ బిగించిన చట్రం. సుత్తితో కొట్టినట్టు ఆగి ఆగి మోత. చిన్న శబ్దానికే చెవులు మూసుకునే పిల్లలు, కొత్త చోటంటేనే బెదిరిపోయే పిల్లలు అందులో కదలకుండా ఉండాలి. తల కొన్ని మిల్లీమీటర్లు కదిలినా అంకెలు మారిపోతాయి. ఎంఐటీ శాస్త్రవేత్తలు 2014లో సరిగ్గా ఈ సంగతినే పట్టుకున్నారు. ఆటిజం ఉన్న 52 మంది పిల్లల్ని, లేని 73 మందిని స్కాన్ చేశారు. అందరూ చేసే పద్ధతిలో లెక్కవేస్తే చాలా కట్టల్లో ఎఫ్ఏ తక్కువని వచ్చింది, పాత పరిశోధనలు చెప్పినట్టే. తర్వాత రెండు గుంపుల్లోనూ తల కదలిక సమానంగా ఉన్న పిల్లల్ని మాత్రమే ఏరి పోల్చారు. తేడాలు దాదాపు అన్నీ మాయమయ్యాయి. కుడివైపున ఒకే ఒక్క కట్టలో మిగిలింది. అంతటితో ఆగలేదు. ఆటిజం లేని పిల్లల్నే రెండుగా విడగొట్టి, ఎక్కువ కదిలినవారిని తక్కువ కదిలినవారితో పోల్చారు. అక్కడా అలాంటి ‘తేడాలే’ వచ్చాయి!

అంటే అంతకుముందు పదేళ్ల పరిశోధనల్లో కొంత భాగం మెదడును కాక, పిల్లల అవస్థను కొలిచిందన్నమాట. ఇలా తమ రంగం పునాదినే గుచ్చి చూసుకునే ధైర్యం చేసిన శాస్త్రవేత్తల్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే. పత్రికల్లో మాత్రం మొదటి వార్తకు దక్కిన చోటు ఇలాంటి దిద్దుబాటుకు దక్కదు.

మరో లోటు ఇంకా బాధ కలిగిస్తుంది. మెలకువలో కదలకుండా పడుకోగలిగిన పిల్లలే చాలా పరిశోధనల్లో ఉంటారు. అంటే చెప్పింది అర్థం చేసుకుని మాట వినగలిగినవారు. మాటలు అసలు రానివారు, మేధో వైకల్యం కూడా ఉన్నవారు, నిజంగా ఎక్కువ అండ కావాల్సినవారు లెక్కలోకే రారు. దీని ఫలితానికి ఒక ఉదాహరణ: ఆటిజం పిల్లల్లో కొందరికి చిన్నప్పుడు మెదడు పెద్దదిగా ఉన్నా, వయసు పెరిగేకొద్దీ దాని పరిమాణం మామూలు స్థాయికి వస్తుందని ఒకప్పుడు గట్టిగా నమ్మారు. కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్ పరిశోధకులు ఒకే పిల్లల్ని ఏళ్ల తరబడి వెంబడించి చూస్తే, పెద్ద మెదడు ఉన్నవారికి అది పెద్దదిగానే ఉంది. పెద్ద వయసు పరిశోధనల్లో అలాంటి పిల్లలు తక్కువగా ఉండటమే పాత నమ్మకానికి ఒక కారణమని తేలింది.

ఇక ఎఫ్ఏ అనే అంకె సంగతి. స్కాన్‌లో ఒక చిన్న గడి సుమారు రెండు మిల్లీమీటర్ల ఘనం. అందులో వేలు, లక్షల పోగులు. చాలా గడుల్లో అవి ఒకదాన్నొకటి అడ్డంగా దాటుకుంటూ పోతాయి. అలాంటి చోట పోగులు ఎంత ఆరోగ్యంగా ఉన్నా అంకె తగ్గుతుంది. మైలిన్ మందం మారినా, పోగుల సంఖ్య మారినా, కూర్పు మారినా అంకె మారుతుంది. రిపోర్టులో ఎఫ్ఏ తక్కువ అని ఉంటే దాన్ని ‘నరాలు దెబ్బతిన్నాయి’ అని తర్జుమా చేసి చెప్పడం తప్పు.

అసలు ఆటిజం ఉన్నవారి మెదళ్లన్నీ ఒకే దిక్కున మారతాయనుకోవడమే పొరపాటు. 16వ క్రోమోజోములో 16పి11.2 అనే చిన్న ముక్క ఉంటుంది. కొందరికి పుట్టుకతోనే అది ఒక ప్రతి తక్కువ, కొందరికి ఒక ప్రతి ఎక్కువ. రెండు స్థితుల్లోనూ ఆటిజం వచ్చే అవకాశం పెరుగుతుంది. కానీ ముక్క పోయినవారిలో తల, మెదడు సగటున పెద్దవి, తెల్ల పదార్థం ఎక్కువ. అదనంగా ఉన్నవారిలో అన్నీ చిన్నవి. ఈ ఇద్దరినీ ఒకే గుంపులో వేసి సగటు తీస్తే ఏమవుతుంది? ఒకరి ఎక్కువ, మరొకరి తక్కువ కలిసి చెల్లిపోయి ‘తేడా లేదు’ అని వస్తుంది. ఆటిజంతో ముడిపడిన జన్యువులు వందల్లో ఉన్నాయి.

టెంపుల్ గ్రాండిన్ కథ దీన్ని ఇంకోవైపు నుంచి చూపిస్తుంది. 1947లో బోస్టన్‌లో పుట్టిన ఆమెకు మూడేళ్లు దాటేదాకా మాటల్లేవు. తర్వాత పశువులు బెదరకుండా నడిచే దొడ్ల రూపకల్పనలో ప్రపంచానికే పాఠం చెప్పింది. కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. ఆమె తన మెదడును ఎన్నోసార్లు స్కాన్ చేయించుకుంది. ఎడమవైపు ద్రవపు గది కుడిదానికన్నా చాలా పెద్దదని తేలింది. పిట్స్‌బర్గ్‌లో తీసిన పోగుల స్కాన్‌లో చూపుకు సంబంధించిన కట్టలు మామూలుకన్నా విస్తారంగా కనబడ్డాయి. తాను మాటల్లో కాక బొమ్మల్లో ఆలోచిస్తానని ఆమె ఎప్పటినుంచో చెబుతున్న మాటకు అది సరిపోయింది. ఆమె ఎవరో, ఏం చేయగలదో ముందే తెలుసు కాబట్టి సరిపోయింది. మూడేళ్ల వయసులో ఎవరైనా ఆ స్కాన్లు తీసి ఉంటే వాటిలో ప్రొఫెసర్‌ని చూడగలిగేవారా?

అయినా ‘94 శాతం కచ్చితత్వం’ లాంటి వార్తలు ఆశ పెడతాయి. 2010లో హార్వర్డ్‌కు అనుబంధమైన మెక్లీన్ ఆస్పత్రి, యూటా యూనివర్సిటీ పరిశోధకులు తెల్ల పదార్థపు కొలతలతో ఆటిజం ఉన్నవారిని లేనివారి నుంచి విడదీయగలిగామన్నప్పుడు అలాగే జరిగింది. పరిశీలించింది రెండు వైపులా చెరి 30 మందిని. అంటే సగం మందికి ఆటిజం ఉన్న గుంపును. వీధిలో లెక్క అలా ఉండదు. ఒక పరీక్ష ఆటిజం ఉన్న వందలో 94 మందిని పట్టుకుని, లేని వందలో 90 మందిని సరిగ్గా వదిలేస్తుందనుకుందాం. వందకొకరికి ఆటిజం ఉన్న పది వేల మంది పిల్లలకు అది చేస్తే, నిజంగా ఉన్న 94 మంది దొరుకుతారు. వాళ్లతోపాటు ఏమీ లేని 990 మందికి కూడా ఆటిజం ముద్ర పడుతుంది. ముద్ర పడిన ప్రతి వందలో నిజంగా ఆటిజం ఉన్నవారు తొమ్మిది మంది కూడా ఉండరు.

అందుకే అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆటిజం ఉన్న ప్రతి బిడ్డకూ ఎమ్మారై అవసరం లేదని చెప్పింది. మూర్ఛలు వస్తుంటే, తల మరీ పెద్దగానో చిన్నగానో ఉంటే, వచ్చిన నైపుణ్యాలు అసాధారణంగా పోతుంటే, డాక్టరు పరీక్షలో నరాల లోపం కనిపిస్తే స్కాన్ కావాలి. అప్పుడు వెనకాడకూడదు. అది మరో జబ్బును వెతకడానికి, ఆటిజాన్ని నిర్ధారించడానికి కాదు. ఆ తేడా చెప్పకుండా రెండేళ్ల బిడ్డకు మత్తిచ్చి స్కాన్ తీయించి, ‘నార్మల్’ అని రిపోర్టు చేతిలో పెడితే ఇంకో ముప్పుంది. ‘స్కాన్ బాగుందట, ఆటిజం లేదట’ అని ఊపిరి పీల్చుకుని ఇంటికి పోయిన కుటుంబం, థెరపీ మొదలుపెట్టాల్సిన ఏడాదిని పోగొట్టుకుంటుంది.

అంతకన్నా ఘోరం ఇంకొకటి. చికిత్సకు ముందు, తర్వాత అంటూ రెండు రంగుల మెదడు బొమ్మలు పక్కపక్కన పెట్టి స్టెమ్‌సెల్ వైద్యం అమ్మేవాళ్లు దేశంలో ఉన్నారు. జాతీయ వైద్య కమిషన్ పరిధిలోని బోర్డు 2022 డిసెంబరులోనే ఆటిజానికి స్టెమ్‌సెల్ చికిత్సను సిఫారసు చేయలేమని, చేస్తే వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా పరిగణిస్తామని చెప్పింది. నగలు కుదువపెట్టి, పొలం అమ్మి ఆ వైద్యానికి పరుగెత్తే తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియాలి. ఫలానా బిడ్డకు మెరుగైందో లేదో చూపించే శక్తి ఆ బొమ్మలకు లేదు.

మరి ఆటిజాన్ని తేల్చేది ఎవరు? శిక్షణ పొందిన మనిషి. దేశంలో ఆటిజం తీవ్రతను లెక్కగట్టి వైకల్య ధ్రువపత్రం ఇవ్వడానికి వాడే ఐసా అనే కొలమానాన్ని తయారుచేసింది సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థే. ఆ సంస్థను ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. ఐసాలో 40 అంశాలు. కళ్లలోకి చూస్తాడా, పిలిస్తే పలుకుతాడా, అన్న మాటనే తిరిగి అంటాడా, చేతులు ఆడిస్తాడా, కొన్ని శబ్దాలకు హడలిపోతాడా, ప్రమాదాన్ని గుర్తిస్తాడా. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు. మొత్తం 70 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఆటిజం ఉన్నట్టు. కావాల్సింది ఒక గది, కొన్ని బొమ్మలు, బిడ్డతో నేల మీద కూర్చునే ఓపిక, తల్లి చెప్పేది సాంతం వినే చెవి.

కొరత అక్కడే ఉంది. పల్వల్, కాంగ్రా, ఢెంకనాల్, ఉత్తర గోవాలతోపాటు హైదరాబాద్‌లోనూ రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల మీద జరిపి 2018లో ప్రచురించిన సర్వే, వందలో దాదాపు ఒకరికి ఆటిజం ఉన్నట్టు చెప్పింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల్లో ఆటిజాన్ని చేర్చింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల్ని పరీక్షించే బృందాలు, జిల్లా ఆస్పత్రుల్లో సత్వర చికిత్స కేంద్రాలు వచ్చాయి. చట్టం ఉంది, పథకం ఉంది. మండలంలో ఉన్న తల్లికి అందుబాటులో స్పీచ్ థెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు మాత్రం లేరు. వారానికి రెండు సెషన్ల కోసం బిడ్డను చంకనేసుకుని బస్సెక్కి హైదరాబాద్‌కో విజయవాడకో రావాల్సిన కుటుంబాలు ఎన్నో. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ కొత్త స్కానర్ల ప్రారంభోత్సవాలకు చూపే ఉత్సాహాన్ని ఈ థెరపిస్టుల నియామకాల మీద పెట్టాలి. అంగన్‌వాడీ కార్యకర్తకు ఆటిజం తొలి గుర్తులు పోల్చుకునే శిక్షణ ఇవ్వాలి.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఏడాది నిండినా పేరుకు పలక్కపోతే, ఏడాదిన్నరకు కావాల్సినదాన్ని వేలితో చూపించకపోతే, రెండేళ్లకు రెండు పదాలు కలిపి సొంతంగా అనకపోతే, వచ్చిన మాటలు పోతే, ఇంకో ఆరు నెలలు చూద్దామని ఆగకండి. ముందు వినికిడి పరీక్ష చేయించండి. పిల్లల ఎదుగుదలను అంచనా వేసే నిపుణుల దగ్గరికి, లేదా జిల్లా ఆస్పత్రిలోని సత్వర చికిత్స కేంద్రానికి తీసుకెళ్లండి. ఎవరైనా స్కాన్ రాస్తే, దేన్ని వెతకడానికి రాశారో అడగండి. థెరపీ మొదలుపెట్టడానికి ఆ రిపోర్టు వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు.